సబ్బు కంపెనీ లేని సీరియల్

1930లలో అమెరికా రేడియోలో పగటిపూట వచ్చే కుటుంబ కథలకు డబ్బు పెట్టింది సబ్బుల కంపెనీలు. కన్నీళ్ల మధ్యలో సరుకు ప్రకటన వినిపించేవారు. 'సోప్ ఒపేరా' అన్న పేరు అలా స్థిరపడింది. బీబీసీకి ఆ అవసరం లేదు. శ్రోతలు కట్టే లైసెన్సు రుసుముతోనే అది నడిచేది. పైగా దాని నాటక విభాగాధిపతి వాల్ గీల్‌గుడ్‌కు ఈ తరహా సీరియళ్లంటే చులకన. మామూలు రోజుల్లో అయితే అవి అక్కడ గడప తొక్కేవే కావు.

యుద్ధం తొక్కించింది. 1940 సెప్టెంబరు నుంచి లండన్‌పై జర్మన్ బాంబులు కురిశాయి. అక్టోబరు 15న బీబీసీ ప్రధాన భవనం మీదే ఒకటి పడి ఏడుగురు సిబ్బంది చనిపోయారు. అమెరికా మాత్రం ఇంకా ఒడ్డునే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రచారం తమను బుట్టలో వేసిందన్న అనుమానం అక్కడి వారికి తీరలేదు. నేరుగా సాయం అడిగితే బెడిసికొట్టే ప్రమాదం ఉంది. అందుకే వాళ్లకు అలవాటైన రూపాన్నే ఎంచుకుని, 1941లో ఉత్తర అమెరికా శ్రోతల కోసం షార్ట్‌వేవ్‌లో 'ఫ్రంట్ లైన్ ఫ్యామిలీ' ప్రారంభించారు. రచన అలన్ మెల్విల్.

కథ రాబిన్సన్ల ఇంటిది. బాంబుల భయంతో పాటు రేషను కష్టాలూ ఉన్న కాలం. 1940 జులై నుంచి బ్రిటన్‌లో మనిషికి వారానికి రెండు ఔన్సుల టీ పొడి మాత్రమే ఇచ్చేవారు. మన లెక్కలో 57 గ్రాములు. చుట్టాలొస్తే ఆ ఇల్లాలి అవస్థ ఊహించుకోవచ్చు! మంత్రుల ఉపన్యాసాల కంటే ఇలాంటి కొరతే దూరదేశపు వంటింటికి త్వరగా అర్థమవుతుంది.

అమెరికా యుద్ధంలోకి దిగింది ఈ సీరియల్ విని కాదు, 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి చేశాక. చిత్రమేమిటంటే, అసలు పని తీరిపోయినా సీరియల్ ఆగలేదు. యుద్ధం ముగిశాక 1945లో పేరు మార్చుకుని బ్రిటన్ శ్రోతల ముందుకే వచ్చింది, 1947 దాకా నడిచింది. మరుసటి ఏడాదే ఒక డాక్టరు భార్య దినచర్యగా 'మిసెస్ డేల్స్ డైరీ' మొదలైంది.

1951 జనవరి 1న దేశమంతటా మొదలైన రైతు కుటుంబ కథ 'ది ఆర్చర్స్' ఇప్పటికీ వస్తోంది. తిండి రేషను ఇంకా పోని రోజులవి. సాగు మెళకువలను కథలో కలిపి రైతులకు చేరవేయాలన్నది మొదట్లో దాని ఉద్దేశం. 1994లో అంతర్యుద్ధంలో ఉన్న అఫ్గానిస్తాన్ కోసం పష్తో, పర్షియన్ భాషల్లో బీబీసీ ఒక సీరియల్ మొదలుపెట్టినప్పుడు నమూనాగా తీసుకున్నది ఆర్చర్స్‌నే. ఈసారి కుటుంబ కథలో కలిపి చెప్పినవాటిలో మందుపాతరల నుంచి తప్పించుకోవడం కూడా ఉంది.