తెలియనిదేమిటో ముందు రాయండి

చిరంజీవులకు ఆశీస్సులు.

"పెద్దమ్మా, పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి ప్రపోజల్ రాసి తెమ్మన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది, మీ దగ్గర నమూనా ఉంటే పంపండి" అని ముగ్గురూ కలిసి రాసిన ఉత్తరం అందింది. నమూనా పంపడం లేదు. పంపితే ఊళ్ల పేర్లు మార్చి, ఖాళీల్లో మీ మాటలు నింపుతారు. నా మొదటి ప్రతిపాదన నేనూ అలాగే రాశాను. ఒక సీనియర్ దగ్గర పాత కాపీ తీసుకుని, వ్యవసాయ కూలీల స్థితిగతుల మీద పన్నెండు పేజీలు నింపాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి, "ఇందులో నీకు తెలియనిది ఏమిటమ్మా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. కూలీలు పేదవాళ్లని నాకు తెలుసు, అప్పుల్లో ఉన్నారని తెలుసు, ఆడవాళ్లకు కూలి తక్కువని తెలుసు. తెలిసినవన్నీ రాసి, వాటిని మళ్లీ తెలుసుకోవడానికి మూడేళ్లు గడువు అడిగాను. ఆ ఏడాది నాకు సీటు రాలేదు. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటిదాకా నాతోనే ఉంది. ఎవరి ప్రతిపాదన చేతికొచ్చినా ముందు దానికోసమే వెతుకుతాను.

మీలో ఒకరు 'కోనసీమలో కౌలు రైతుల సమస్యలు' అనే అంశం అనుకుంటున్నామన్నారు. మంచి అంశం. నాకూ కాస్త తెలిసిన విషయం కాబట్టి దాన్నే పట్టుకుని మాట్లాడుకుందాం. మిగతా ఇద్దరూ మీ మీ అంశాలకు దీన్ని అన్వయించుకోండి.

'కౌలు రైతుల సమస్యలు' అంటే అది ఒక ప్రాంతం పేరు లాంటిది. అక్కడికి వెళ్తున్నానని చెప్పినంత మాత్రాన ఎవరి ఇంటికి వెళ్తున్నావో తెలియదు. సమస్యలు ఏమిటో ఆ ఊళ్లో ఏ కౌలుదారును అడిగినా అరగంటలో చెబుతాడు. మనం వెతకాల్సింది అతనికి కూడా పూర్తిగా అంతుపట్టని విషయం. అలాంటిది ఒకటి చూపిస్తాను.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం. దానికి భూమి యజమాని సంతకం అవసరం లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టం స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. అందులో కౌలుదారుకు కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం తప్పనిసరి. ఈ ఒప్పందం వల్ల యజమాని హక్కుకు ఏ భంగమూ ఉండదని చట్టంలోనే రాశారు. అయినా చాలామంది కౌలుదారుల చేతిలో ఆ కార్డు లేదు. ఎందుకని?

"యజమానులు సంతకం పెట్టరు కాబట్టి" అని వెంటనే అనేస్తారు. అక్కడ ఆగండి. సంతకం పెట్టకపోవడానికి కారణం ఒక్కటే ఉండదు. భూమి పోతుందన్న భయం కావచ్చు. ఆ పొలం మీద యజమాని తన పేరున ముందే పంట రుణం తీసుకుని ఉండొచ్చు, ఒకే చేను మీద రెండో అప్పు ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, కాగితం అతని దాకా వెళ్లకపోయి ఉండొచ్చు. లేదా అసలు కౌలుదారే అడగకపోయి ఉండొచ్చు: పెట్టుబడి ధాన్యం వ్యాపారి ఇస్తున్నాడు, సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుంది, ఈ గొడవ ఎందుకని ఊరుకుంటాడు. నాలుగూ నమ్మదగ్గవే. ఏ ఊళ్లో ఏది ఎక్కువ పనిచేస్తోందో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు మీ దగ్గర ఒక ప్రశ్న ఉంది.

ఇంకో సంగతి గమనించండి. ఈ నాలుగు కారణాలూ ఊళ్లో నాలుగు రకాల గుర్తులు వదులుతాయి. భూమి పోతుందన్న భయమే కారణమైతే, దగ్గరి బంధువుకు కౌలుకిచ్చిన యజమాని సంతకం పెట్టి ఉండాలి. బ్యాంకు అప్పే కారణమైతే, అప్పు తీసుకోని యజమానుల కౌలుదారుల్లో కార్డులు ఎక్కువగా కనిపించాలి. యజమాని ఊళ్లో లేకపోవడమే కారణమైతే, యజమానులు ఊళ్లోనే ఉన్నచోటికీ దూరంగా ఉన్నచోటికీ తేడా కనిపించాలి. కౌలుదారే అడగలేదంటే, కార్డు వల్ల లాభం ఉన్నవాడు అడిగి, లాభం లేనివాడు మానేసి ఉండాలి. దీన్ని తేల్చుకోవడానికి మంచి ఆధారమే ఉంది. 2019లో మొదలైన రైతు భరోసా పథకంలో, పీఎం కిసాన్ 6,000తో కలిపి ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చారు. సొంత భూమి లేని కౌలుదారుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలకే అది వర్తించింది. అంటే ఒకే ఊళ్లో, ఒకే యజమాని దగ్గర కౌలు చేస్తున్న ఇద్దరిలో ఒకరికి కార్డుతో డబ్బు వచ్చేది, ఇంకొకరికి వచ్చేది కాదు. ఆ ఇద్దరూ ఎంత గట్టిగా సంతకం అడిగారో కనుక్కుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ప్రతిపాదనలో గుండెకాయ ఇదే పేరా. 'పరికల్పన' అని పుస్తకాల్లో భయపెట్టేది కూడా ఇదే. "ఇలా అయి ఉంటుందని అనుకుంటున్నాను, అయితే ఫలానాది కనిపించాలి, అది కనిపించకపోతే నేను అనుకున్నది తప్పు" అని నిజాయితీగా రాయడమే పరికల్పన. తప్పని తేలే అవకాశం లేని మాట రాస్తే దానికోసం ఊరు దాకా వెళ్లనక్కర్లేదు.

ప్రశ్న ఇంత స్పష్టంగా ఉంటే పద్ధతి దానంతటదే వస్తుంది. "నూరు మందిని ప్రశ్నావళితో కలుస్తాను" అని చాలామంది రాస్తారు. ఎందుకు నూరు, ఏ నూరు అంటే జవాబు ఉండదు. మన ప్రశ్నకు కార్డు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఇద్దరూ కావాలి. లేనివాళ్లను మాత్రమే కలిస్తే, వాళ్లు చెప్పిన కారణాలే కార్డు ఉన్నవాళ్లకూ ఉన్నాయేమో ఎన్నటికీ తెలియదు. యజమానులు ఎక్కువగా ఊళ్లోనే ఉండే ఊరు ఒకటి, బయట ఉండే ఊరు ఒకటి తీసుకోండి. యజమానులతో కూడా మాట్లాడాలి. కౌలుదారు నోటితో యజమాని మనసు రాస్తే అది సగం కథే అవుతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. "వీఆర్వో దగ్గర జాబితా తీసుకుని అందులోంచి శాంపిల్ ఎంచుతాం" అంటారు. కౌలు ఒప్పందాలు ఎక్కువ భాగం నోటిమాట మీదే నడుస్తాయి. ఆఫీసు కాగితంలో ఉన్నవాడు కార్డు ఉన్నవాడే. మీరు వెతుకుతున్న మనిషి ఆ జాబితాలో లేకపోవడమే కదా మీ అంశం! కాబట్టి ఊళ్లో ఇంటింటికీ తిరిగి, ఎవరి చేను ఎవరు చేస్తున్నారో మీరే జాబితా వేసుకోవాలి. దానికి రెండు వారాలు పడుతుందని ప్రతిపాదనలోనే రాయండి. ఆ ఒక్క వాక్యం చదివితే చాలు, ఈ అమ్మాయి ఊరి గురించి నిజంగా ఆలోచించిందని కమిటీకి అర్థమవుతుంది.

పూర్వ అధ్యయనాల సమీక్ష గురించి. "ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు" అని ఇరవై పేర్లు వరసగా పేర్చడం సమీక్ష అనిపించుకోదు. మీ ప్రశ్న దాకా ఎవరు ఎంత దూరం వచ్చి ఆగారో చెప్పాలి. యజమానికి కాగితమంటే భయం 2019లో పుట్టలేదు. 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం తెలంగాణలో రక్షిత కౌలుదారులను, అంటే భూమి నుంచి సులువుగా తీసేయడానికి వీల్లేనివాళ్లను, సృష్టించింది. 1956 నాటి ఆంధ్ర కౌలు చట్టం కోస్తా, రాయలసీమల్లో కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. యజమానుల భయానికి మూలం వెతకాలంటే అక్కడిదాకా వెళ్లాలి. తరవాత 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్, 2006లో కోనేరు రంగారావు భూ కమిటీ నివేదిక, 2011లో కోనసీమ రైతులు పంట విరామం (క్రాప్ హాలిడే) ప్రకటించినప్పుడు వేసిన మోహన్ కందా కమిటీ ఉన్నాయి. ఇవన్నీ తీసి చదవండి. జాతీయ నమూనా సర్వే 77వ విడత 2019లో వ్యవసాయ కుటుంబాల పరిస్థితిని లెక్కగట్టింది. అది రాష్ట్రం మొత్తం బొమ్మ చూపిస్తుంది కానీ మీ మండలం గురించి ఏమీ చెప్పదు. ఆ ఖాళీయే మీ చోటు.

ఇప్పటికే సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో, నమోదైన పరిశోధన ప్రతిపాదనలు (సినాప్సిస్‌లు) శోధ్‌గంగోత్రిలో ఉచితంగా దొరుకుతాయి. మా కాలంలో ఒక్క థీసిస్ చూడాలంటే రైలెక్కి ఇంకో ఊరి లైబ్రరీకి వెళ్లేవాళ్లం. మీకు ఆ బాధ లేదు. అయితే చదివింది మీ మాటల్లోనే రాయండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పది శాతం దాకా పోలికలకు శిక్ష లేదు. ఆ పది శాతాన్ని మాత్రం కాపీ కొట్టుకోవడానికి ఇచ్చిన కోటాగా చూడకండి.

ప్రశ్నను ముందు తెలుగులో రాసుకోమని నా గట్టి సలహా. సమర్పించేది ఇంగ్లీషులోనే కావచ్చు. కానీ ఇంగ్లీషు పదాల వెనక మనకు తెలియనితనం సులువుగా దాక్కుంటుంది. 'టెన్యూర్ సెక్యూరిటీ' అని రాసేస్తాం. ఆ మాట కౌలుదారును ఎలా అడుగుతావు? "వచ్చే సార్వాకి (ఖరీఫ్ పంటకి) కూడా ఈ చేను మీరే చేస్తారా? ఆ మాట మీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు?" అని అడగాలి. అలా అడగగలిగితే ఆ పదం మీకు అర్థమైనట్టు. అడగలేకపోతే ఇంగ్లీషులో కూడా దాన్ని వాడొద్దు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. ఫారాల్లో 'నైతిక అంశాలు' అని చివర రెండు లైన్ల గడి ఉంటుంది కాబట్టి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మీ ప్రశ్న ఒక మనిషి బతుకుదెరువు మీద వేలు పెడుతోంది. "మీ ఆసామి సంతకం ఎందుకు పెట్టలేదు?" అని కౌలుదారును అరుగు మీద, పదిమంది మధ్య అడిగారనుకోండి. సాయంత్రానికి ఆ మాట ఆసామికి చేరుతుంది. మీరు డాక్టరేట్ తీసుకుని వెళ్లిపోతారు, అతనికి చేను పోతుంది. కాబట్టి ఎక్కడ కూర్చుని మాట్లాడతారు, పేర్లను జవాబుల నుంచి వేరుగా ఎలా దాస్తారు, ఊరి పేరు మారుస్తారా, మధ్యలో "ఇక చాలు" అంటే ఏం చేస్తారు, ఇవన్నీ రాయండి. ఆ ఇంట్లో ఆడవాళ్లతో విడిగా మాట్లాడే ఏర్పాటు కూడా రాయండి. నాట్లు, కలుపు, వడ్డీ లెక్కలు అన్నీ ఆమె చేతిలో ఉంటాయి, కార్డు మీద పేరు మాత్రం ఆయనది. ఆమెను అడగని కౌలు అధ్యయనాన్ని నేను పూర్తయిందని ఒప్పుకోను.

కాలపట్టిక వేసేటప్పుడు యూనివర్సిటీ క్యాలెండర్ పక్కన పంటల క్యాలెండర్ పెట్టుకోండి. పీహెచ్‌డీకి కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లకు మించకూడదని యూజీసీ 2022 నిబంధనలు. అందులో ఊళ్లో ఉండే నెలలు మీరే ఎంచుకోవాలి. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ప్రశ్నావళి పట్టుకుని గట్టు మీద నిలబడితే ఎవరూ మాట్లాడరు. సార్వాకు ముందు, కౌలు మాటలు నడిచే వేసవిలో ఒకసారి, సార్వా నూర్పుళ్లయ్యాక దాళ్వా (రబీ) పనులు ముదరకముందు ఇంకోసారి వెళ్లండి. బస్తాల లెక్క అప్పుడే తాజాగా గుర్తుంటుంది.

నోట్సు కాపీలు వేర్వేరు చోట్ల ఉంచుతామని కూడా రాయండి. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు దగ్గరి రాంపుర గ్రామంలో ఉండి రాసుకుని, ఏళ్ల తరబడి సరిచేసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన మంటల్లో కాలిపోయింది. మూడు కాపీలూ ఒకే గదిలో ఉన్నాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి ఊరి గురించి గొప్ప పుస్తకం రాయగలిగారు. మనం ఆ ధైర్యం చేయొద్దు.

బడ్జెట్, అధ్యాయాల విభజన మీ గైడ్ చూసుకుంటారు. సారాంశం మాత్రం అన్నీ అయ్యాకే రాయండి. శీర్షిక చిట్టచివర పెట్టండి, అప్పటికి 'సమస్యలు', 'స్థితిగతులు' అనే మాటలు వాటంతటవే రాలిపోతాయి.

ఈ నెలాఖరుకి ముగ్గురూ నాకు ఒక్కో పేజీ పంపండి. పైన మీ ప్రశ్న ఒక్క వాక్యంలో, తెలుగులో. దాని కింద మీకు తోచిన జవాబులు, కనీసం మూడు. ఒక్కో జవాబు పక్కన, అది నిజమైతే ఊళ్లో ఏం కనిపించాలో. టైపు చేయొద్దు, చేత్తో రాయండి. మార్జిన్ బాగా వదలండి, నాకు రాయడానికి చోటు కావాలి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ