హైదరాబాదూ ఆ ఎత్తులోనే ఉంది

దుబాయ్ వెళ్లిన మనవాళ్లు బుర్జ్ ఖలీఫా ఎక్కకుండా తిరిగిరారు. 2010 జనవరిలో తెరిచిన ఈ 828 మీటర్ల భవనంలో సందర్శకులు ఊరంతా చూడటానికి 124, 125, 148 అంతస్తుల్లో ఏర్పాట్లున్నాయి. 124వది 452 మీటర్ల ఎత్తులో ఉంటే, 148వది 555 మీటర్ల ఎత్తులో ఉంది. వాట్సాప్‌లో ఫోటోలు చూసి "అమ్మో, అంత పైకా!" అంటాం. కానీ హైదరాబాదు ఉన్నదే సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున. రోడ్డు పక్కన ఇరానీ చాయ్ తాగుతున్న మనిషి 148వ అంతస్తుకు ఓ పదిహేను మీటర్ల కిందే నిలబడ్డాడన్నమాట. అతనికి చెవి దిబ్బడా లేదు, కళ్లు తిరగడమూ లేదు.

మరి ఆ లిఫ్టులో చెవులకు ఏమవుతుంది? పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 452 మీటర్ల దగ్గర ఆ తగ్గుదల నూటికి 5 పాళ్లు మాత్రమే. హైదరాబాదీల చెవులు పుట్టినప్పటి నుంచీ అంతకంటే తక్కువ ఒత్తిడిలోనే ఉన్నాయి. చెవిని ఇబ్బంది పెట్టేది ఒత్తిడి తగ్గడం కాదు, తగ్గే వేగం. విజయవాడలో రైలెక్కి సికింద్రాబాదులో దిగేవాళ్లు దాదాపు ఇంతే ఎత్తు ఎక్కుతారు, కాకపోతే గంటల తరబడి. బుర్జ్ ఖలీఫా లిఫ్టు సెకనుకు 10 మీటర్ల వేగంతో, నిమిషంలో ఆ పని ముగిస్తుంది. కర్ణభేరి వెనక చిక్కుకున్న గాలి గొంతులోకి తెరుచుకునే సన్నటి గొట్టం గుండా బయటికి రావాలి. గుటక మింగినప్పుడల్లా ఆ గొట్టం తెరుచుకుంటుంది, 'టప్'మని వినిపించేది అప్పుడే.

ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే బాధ ఎక్కువ. ఎక్కేటప్పుడు లోపలి గాలి తోసుకుని తనే బయటపడుతుంది. దిగేటప్పుడు బయటి ఒత్తిడి ఆ మెత్తటి గొట్టాన్ని నొక్కేస్తుంది కాబట్టి మనమే గుటకలు మింగి తెరవాలి. జలుబు చేసిందా, ఇక చెప్పనక్కర్లేదు. తైవాన్‌లోని తైపీ 101 భవనంలో లిఫ్టు నిమిషానికి 1,010 మీటర్ల వేగంతో ఎక్కుతుంది, దిగడం మాత్రం 600 మీటర్లతోనే. లిఫ్టు పెట్టెలో గాలి ఒత్తిడిని సర్దే ఏర్పాటు కూడా అక్కడుంది.

ఇక చూపు సంగతి. మన కన్ను ఉన్న ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. సముద్రపు ఒడ్డున నిలబడితే నాలుగున్నర కిలోమీటర్లు. 124వ అంతస్తు నుంచి 76. గోల్కొండలో బాలాహిసార్ ఉన్న కొండ సుమారు 120 మీటర్లు. చుట్టూ నేల చదునుగా ఉందనుకుంటే అక్కడి నుంచి 39. అంటే బుర్జ్ ఖలీఫా 124వ అంతస్తులో నాలుగో వంతు ఎత్తున్న గోల్కొండే సగం చూపు ఇచ్చేస్తోంది! వర్గమూలం చేసే పని ఇదే: ఎత్తు నాలుగింతలైతే గానీ దూరం రెండింతలు కాదు.

ఇక్కడ లెక్కకొచ్చేది చుట్టుపక్కల నేలకన్నా ఎంత పైన ఉన్నామన్నది. హైదరాబాదులో ఆ 540 మీటర్లూ మన కాళ్ల కింద నేలగానే పరుచుకుని ఉన్నాయి, అందుకే దిగంతం ఒక్క అంగుళం కూడా వెనక్కి జరగదు. పొద్దు ఆలస్యంగా కుంకదు కూడా.

బుర్జ్ ఖలీఫాలో మాత్రం పొద్దు నిజంగానే ఆలస్యంగా కుంకుతుంది. 452 మీటర్ల నుంచి చూస్తే దిగంతం కంటిమట్టానికి డిగ్రీలో మూడింట రెండు వంతులు కిందికి దిగినట్టుంటుంది. దుబాయ్‌లో సూర్యుడు ఆ కాస్తా దిగడానికి దాదాపు 3 నిమిషాలు పడుతుంది. లిఫ్టుకు పట్టేది నిమిషమే కాబట్టి, కింద ఒక సూర్యాస్తమయం చూసి, పైకెళ్లి అదే సూర్యుడు మళ్లీ అస్తమించడం చూడొచ్చు. లెక్క ప్రకారం కుదురుతుంది, క్యూ మాత్రం కుదరనివ్వదు. ఈ తేడా అక్కడ నివసించేవాళ్లకు వినోదం కాదు. 2011 రంజాన్‌లో దుబాయ్ మతాధికారులు 80వ అంతస్తు దాటినవాళ్లు 2 నిమిషాలు, 150 దాటినవాళ్లు 3 నిమిషాలు ఆగి ఉపవాసం విడవాలని చెప్పారు. నా లెక్కకూ దానికీ కొద్దిగా తేడా ఉన్నా సూత్రం ఒకటే.

148వ అంతస్తు టికెట్ ధర 124వ దానికంటే బాగా ఎక్కువ. ఎత్తులో పెరిగేది నూటికి 23 పాళ్లు, చూపులో పెరిగేది 11 పాళ్లే: 76 కిలోమీటర్లు 84 అవుతాయి. తక్కువ రద్దీకీ మర్యాదలకీ డబ్బిస్తున్నామనుకుంటే సరే, చూపు కోసమే అయితే నేనైతే కొనను. పైగా ఆ 84 కిలోమీటర్లు కాగితం మీద లెక్క. గల్ఫ్ గాలిలో ఎండాకాలం ఎడారి ధూళీ, సముద్రపు తేమా కలిసి ఎంత తెర కడతాయంటే, చాలా రోజులు దిగంతం దాకా చూపే వెళ్లదు. చలికాలంలో వాన కురిసి వెలిసిన మర్నాడు 124వ అంతస్తు ఎక్కినవాడికి, మే నెల మధ్యాహ్నం 148 ఎక్కినవాడికన్నా ఎక్కువ ఊరు కనిపిస్తుంది.