ఒమాహా ఒక్క ఓటు తగవు: మూలం 1800 నాటి వర్జీనియాలో

అమెరికాలో తదుపరి అధ్యక్ష ఎన్నికల లెక్కలు మొదలయ్యాయంటే నెబ్రాస్కా పేరు మళ్ళీ తెరపైకి వచ్చినట్టే. అధ్యక్షుణ్ణి నేరుగా తేల్చేవి దేశం మొత్తం మీద ఉన్న 538 ఎలక్టోరల్ ఓట్లు; వాటిలో ఆ రాష్ట్రానివి అయిదు. వాటిలో రెండు రాష్ట్రమంతటా ఆధిక్యం వచ్చిన అభ్యర్థికి వెళ్తాయి. మిగిలిన మూడూ ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గ ఫలితాన్ని బట్టి వెళ్తాయి. ఒమాహా నగరం ఉన్న రెండో నియోజకవర్గం ఓటు 2008, 2020, 2024లలో డెమొక్రాట్లకు పడింది. దాన్ని కూడా రాష్ట్ర ఫలితంలో కలిపేయాలని రిపబ్లికన్ గవర్నర్ జిమ్ పిలెన్ పట్టుదలగా ఉన్నారు. 2024 సెప్టెంబరులో చేసిన ప్రయత్నం సభ దాకా రాకుండానే ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో బిల్లు సభకు వచ్చింది. 49 మంది సభ్యుల శాసనసభలో ఫిలిబస్టర్ (చర్చను సాగదీసి ఓటింగును అడ్డుకునే ఎత్తు) దాటడానికి 33 ఓట్లు కావాల్సి ఉండగా 31 దగ్గర నిలిచిపోయింది. రెండే ఓట్లు తక్కువైన బిల్లును ఎవరూ అంత తేలిగ్గా వదిలేయరు.

1787లో ఫిలడెల్ఫియాలో ఎలక్టోరల్ కాలేజీ ఎలా రూపుదిద్దుకుందో, 2000లో అల్ గోర్, 2016లో హిల్లరీ క్లింటన్ ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా ఎలా ఓడిపోయారో చాలామందికి తెలిసిన సంగతులే. ఈ తగవును అర్థం చేసుకోవడానికి అవి పెద్దగా పనికిరావు. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే ఆ రాష్ట్ర ఎలక్టర్లంతా (అంటే ఎలక్టోరల్ ఓట్లు వేసే ప్రతినిధులు) దక్కాలనే నియమం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఎలక్టర్లను ఎలా ఎంపిక చేయాలో రాష్ట్ర శాసనసభలే నిర్ణయించుకోవాలని మాత్రమే అక్కడ ఉంది. ఈ నియమం దేశమంతా పాకడానికి దారి తీసిన నిర్ణయం 1800 జనవరిలో వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో జరిగింది.

అంతకు ముందు 1796 ఎన్నికల్లో జాన్ ఆడమ్స్‌కు 71, థామస్ జెఫర్సన్‌కు 68 ఓట్లు వచ్చాయి. అప్పట్లో వర్జీనియా, నార్త్ కరోలినా ఎలక్టర్లను నియోజకవర్గాల వారీగా ఎన్నుకునేవి. జెఫర్సన్ సొంత రాష్ట్రం వర్జీనియాలోనే ఒక ఎలక్టర్ ఆడమ్స్‌కు ఓటు వేశాడు. నార్త్ కరోలినాలోనూ ఒకటి అటే పడింది. ఆ రెండూ ఇటు వచ్చి ఉంటే 70–69తో జెఫర్సనే అధ్యక్షుడయ్యేవాడు. ఆ లెక్క ఆయన మరచిపోలేదు. 1800 జనవరి 12న, అప్పుడే వర్జీనియా గవర్నర్ అయిన జేమ్స్ మన్రోకు ఇలా రాశాడు: అన్ని రాష్ట్రాల్లో ఉండేటట్టయితే నియోజకవర్గాల వారీ ఎన్నికే మేలని అందరూ ఒప్పుకుంటారు, కానీ పది రాష్ట్రాలు శాసనసభ ద్వారానో రాష్ట్రవ్యాప్త జాబితా ద్వారానో ఎంచుకుంటున్నప్పుడు మిగిలిన ఆరూ అలా చేయకపోవడం తెలివితక్కువతనం, అంతకన్నా ఘోరం.

ఈ మాటల దగ్గర కాస్త ఆగాలి. ఏది మేలో జెఫర్సన్‌కు స్పష్టంగా తెలుసు. తెలిసీ దానికి విరుద్ధమైనదే చేయమంటున్నాడు. అందుకు ఆయన చూపిన కారణం ఒకటే: ఎదుటివాళ్ళు చేస్తున్నారు కాబట్టి. ఆ నెలలోనే వర్జీనియా చట్టం మార్చేసింది.

దాంతో ప్రచారం తీరు కూడా మారిపోయింది. అంతకు ముందు ఓటరు తన ప్రాంతంలో పేరున్న ఒక మనిషిని ఎలక్టర్‌గా ఎన్నుకుంటే సరిపోయేది. కొత్త చట్టం ప్రకారం రాష్ట్రమంతటికీ కలిపి 21 మందిని ఎన్నుకోవాలి. ఆ 21 పేర్లూ చీటీ మీద చేత్తో రాసి ఉండాలి. పొలం పని చేసుకునే రైతుకు ఇన్ని పేర్లు గుర్తుండడం కష్టం. జెఫర్సన్ పక్షం వారు రిచ్‌మండ్‌లో ఒక కేంద్ర కమిటీని, కౌంటీల్లో దాని శాఖలను ఏర్పాటు చేసి, ముందుగానే రాసిన చీటీలను ఓటర్లకు పంచారు. జాబితాలో జేమ్స్ మాడిసన్, జార్జ్ విత్ వంటి ప్రముఖుల పేర్లు ఉంచారు. పార్టీ యంత్రాంగం అనదగినది అమెరికాలో ఒక రూపానికి రావడంలో ఈ చీటీల పంపకానికి చాలా పాత్ర ఉంది. ఆ ఎన్నికల్లో వర్జీనియా 21 ఓట్లూ జెఫర్సన్‌కే పడ్డాయి.

ఆడమ్స్ పక్షం వారూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆయన సొంత రాష్ట్రం మసాచుసెట్స్ నియోజకవర్గాల పద్ధతి ఎత్తివేసి, ఎలక్టర్ల ఎంపికను శాసనసభ చేతికి ఇచ్చేసింది. ఒక్క ఓటు కూడా అటు జారకూడదనే.

న్యూయార్క్‌లో జరిగినది ఇప్పటి వివాదానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ ఎలక్టర్లను శాసనసభే ఎంచుకునేది. నియోజకవర్గాల పద్ధతి పెడదామని 1800 మొదట్లో జెఫర్సన్ పక్షం అడిగితే, సభలో బలం ఉన్న ఆడమ్స్ పక్షం వారు, అంటే ఫెడరలిస్టులు, తోసిపుచ్చారు. వసంతంలో జరిగిన శాసనసభ ఎన్నికల్లో ఫెడరలిస్టులే ఓడిపోయారు. వెంటనే వారి నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్ మాట మార్చాడు. పాత సభ గడువు ఇంకా మిగిలి ఉండగానే ప్రత్యేకంగా సమావేశపరచి నియోజకవర్గాల పద్ధతి తెమ్మని మే 7న గవర్నర్ జాన్ జేకు ఉత్తరం రాశాడు. జే కూడా ఫెడరలిస్టే, హామిల్టన్ స్నేహితుడే. అయినా ఒప్పుకోలేదు. పార్టీ ప్రయోజనాల కోసం ప్రతిపాదించిన చర్య, దీన్ని చేపట్టడం నాకు తగదని అనుకుంటున్నాను అని ఆ ఉత్తరం మీదే రాసి పక్కన పెట్టాడు. న్యూయార్క్ ఓట్లు జెఫర్సన్‌కు వెళ్ళాయి, ఆడమ్స్ ఓడిపోయాడు. తన పక్షం ఓడిపోతుందని తెలిసి కూడా ఆ గీత దాటనివాడు ఆ ఏడాది నాకు కనిపించినంతలో జే ఒక్కడే.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. ఏ రాష్ట్రంలో ఏ పార్టీది పైచేయి అయితే అది మొత్తం ఓట్లు తనకే దక్కేలా చట్టం రాసుకుంది. నియోజకవర్గాల పద్ధతిని దేశమంతటికీ వర్తింపజేసే రాజ్యాంగ సవరణను సెనేట్ 1813, 1819, 1820, 1822లలో ఆమోదించినా ప్రతినిధుల సభలో ఒక్కసారీ గట్టెక్కలేదు. 1836 నాటికి సౌత్ కరోలినా తప్ప అన్ని రాష్ట్రాలూ ‘గెలిచినవారికే మొత్తం’ పద్ధతిలోకి వచ్చేశాయి.

అప్పట్లోనే ఒక పెద్దమనిషి దీన్ని చూసి బాధపడ్డాడు. రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన మాడిసనే ఆయన. 1800లో వర్జీనియా శాసనసభలో సభ్యుడిగా ఉన్నది కూడా ఆయనే. 1823 ఆగస్టులో జార్జ్ హే అనే న్యాయవాదికి రాసిన ఉత్తరంలో, రాజ్యాంగం రాసి ఆమోదించిన రోజుల్లో పూర్తిగా కాకపోయినా ఎక్కువగా నియోజకవర్గాల పద్ధతే మనసులో ఉండేదని, ముందుగా దారి తప్పిన కొన్ని రాష్ట్రాల ఎత్తుగడను తిప్పికొట్టడానికే మిగతావి దాన్ని వదులుకున్నాయని స్పష్టంగా చెప్పాడు. అందుకు విరుగుడుగా రాజ్యాంగ సవరణ తేవాలని కోరాడు.

2024 ఏప్రిల్‌లో గవర్నర్ పిలెన్ విడుదల చేసిన ప్రకటనను దీని పక్కన పెట్టి చూడాలి. బిల్లు నెగ్గితే నెబ్రాస్కా మిగతా 48 రాష్ట్రాల బాటలోకి వస్తుందని, రాష్ట్రం ఒకే గొంతుతో మాట్లాడుతుందని, రాజ్యాంగ నిర్మాతల ఉద్దేశానికి అది మరింత దగ్గరగా ఉంటుందని ఆయన అన్నారు. మొదటి రెండు మాటల్లో నిజం ఉంది. అందరూ ఒక దారిలో వెళ్తుంటే తామొక్కరమే ఓటు ఎందుకు పోగొట్టుకోవాలన్న ప్రశ్న న్యాయమైనదే; జెఫర్సన్ అడిగినదీ అదే. నిర్మాతల ఉద్దేశం అన్న మాటను మాత్రం మాడిసన్ ఉత్తరం నిలబడనివ్వదు.

నియోజకవర్గాల పద్ధతి మళ్ళీ బయటికి వచ్చినప్పుడల్లా పార్టీ అవసరమే దాన్ని నడిపించింది. రిపబ్లికన్ల కోట అయిన మిషిగన్‌లో 1890లో శాసనసభ డెమొక్రాట్ల చేతికి రాగానే 1891లో ఆ చట్టం చేశారు. 1892లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఎన్నికల్లో 14లో 5 ఓట్లు గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కు వెళ్ళాయి. మరుసటి ఏడాదే రిపబ్లికన్లు తిరిగి వచ్చి చట్టాన్ని రద్దు చేశారు. మైన్ రాష్ట్రం 1969లో, నెబ్రాస్కా 1991లో చేసుకున్న చట్టాలు మాత్రం నిలిచాయి. నెబ్రాస్కాలో బిల్లు తెచ్చింది డెమొక్రాటిక్ రాష్ట్ర సెనేటర్ డయానా షిమెక్, సంతకం చేసింది అదే పార్టీ గవర్నర్ బెన్ నెల్సన్. రద్దు చేయాలని శాసనసభ 1995లో, 1997లో తీర్మానించినా నెల్సన్ వీటో చేశారు. 1992 నుంచి 2004 దాకా ఎన్నడూ ఓట్లు చీలలేదు కాబట్టి బయటివాళ్ళెవరూ పట్టించుకోలేదు.

2008లో ఒబామా మూడు వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఒమాహా నియోజకవర్గాన్ని గెలిచారు. అప్పటి నుంచి అభ్యర్థులకు ఆ ఊరి దారి తెలిసింది. 2016 ఆగస్టులో హిల్లరీ క్లింటన్ సభలో వారెన్ బఫెట్ లేచి, పోలింగ్ రోజున ఓటర్లను పోలింగ్ కేంద్రాలకు చేర్చడానికి 32 మంది పట్టే ట్రాలీ బస్సును అద్దెకు తీసుకున్నానని ప్రకటించారు. ఆ ఏడు అక్కడ గెలిచింది ట్రంపే. 2020 అక్టోబరు 27న ట్రంప్ స్వయంగా ఒమాహా విమానాశ్రయంలో రాత్రి సభ పెట్టారు. సభ అయ్యాక బస్సులు అందక వందలాది మంది గడ్డకట్టే చలిలో నిలబడిపోయారు, కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. దేశాధ్యక్షుడు ఒక్క ఓటు కోసం అంత దూరం వచ్చాడంటే అక్కడి ఓటుకు ఉన్న విలువ అది. నెబ్రాస్కాలో మిగిలిన రెండు నియోజకవర్గాల వైపు అలా చూసినవారు లేరు.

మన తెలుగువారికి ఈ తేడా అనుభవంలో ఉన్నదే. టెక్సాస్‌లో డాలస్ శివార్లలో ఉండే తెలుగు ఓటరు ఇంటి తలుపును అధ్యక్ష ఎన్నికల కార్యకర్తలు తట్టడం అరుదు. అదే జార్జియాలో అట్లాంటా ఉత్తర శివార్లలో, నార్త్ కరోలినాలో రాలీ నగర పరిసరాల్లో ఉంటే ఫోన్లు, కరపత్రాలు ఆగవు. 2024లో రెండు పార్టీల ప్రచారమూ దాదాపు పూర్తిగా ఏడు రాష్ట్రాల చుట్టూనే తిరిగింది: పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా. మిగతా రాష్ట్రాల కోట్లాది ఓటర్లు విరాళాలకే పనికొచ్చారు.

ఆ ఏడాది లెక్కలోనే ఒమాహా ఇరుసుగా మారింది. కమలా హారిస్ తమ పార్టీ ఖాయమనుకున్న రాష్ట్రాలతో పాటు పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ గెలిస్తే 269. ఒమాహా కలిస్తే 270, అధ్యక్ష పదవి. కలవకపోతే 269–269, అప్పుడు నిర్ణయం ప్రతినిధుల సభది; అక్కడ రాష్ట్రానికి ఒక్కో ఓటు లెక్కన రిపబ్లికన్లకు అనుకూలం. అందుకే ఏప్రిల్‌లో ఆగిన ప్రయత్నం సెప్టెంబరులో మళ్ళీ లేచింది. అమెరికా సెనేట్‌లోని రిపబ్లికన్ సభ్యుడు లిండ్సే గ్రాహం నెబ్రాస్కా రాజధాని లింకన్‌కు వచ్చి శాసనసభ్యులను కలిశారు, ట్రంప్ ఫోనులో మాట్లాడారు. నెబ్రాస్కా మారితే మేమూ మారతామని ఏప్రిల్‌లోనే మైన్ డెమొక్రాట్లు హెచ్చరించారు. కానీ అక్కడ సాధారణ చట్టం అమల్లోకి రావడానికి సమావేశాలు ముగిశాక 90 రోజులు పడుతుంది. సెప్టెంబరు నాటికి ఆ గడువు దాటిపోయింది. ఎదుటివారు బదులు తీర్చుకోలేని సమయం చూసి కదిలారని డెమొక్రాట్లు అన్నారు. తేదీలను పక్కపక్కన పెడితే ఆ మాట కొట్టిపారేయడం కష్టం.

అంతా మైక్ మెక్‌డొనెల్ మీద ఆగింది. ఆయన ఒమాహా అగ్నిమాపక సిబ్బంది సంఘానికి మాజీ అధ్యక్షుడు. గర్భస్రావం విషయంలో పార్టీతో విభేదించి 2024 ఏప్రిల్‌లో డెమొక్రాటిక్ పార్టీ వదిలి రిపబ్లికన్లలో చేరిన రాష్ట్ర సెనేటర్. కొత్త పార్టీలో నిలదొక్కుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. ఆయన సెప్టెంబరు 23న ప్రకటన చేశారు: ఎన్నికలకు 43 రోజుల ముందు ఈ మార్పు చేయడానికి ఇది సమయం కాదు. మార్చాలనుకుంటే వచ్చే సమావేశాల్లో రాజ్యాంగ సవరణగా ప్రతిపాదించి ప్రజల ఓటుకే పెట్టమని గవర్నర్‌కు సూచించారు. ఆ నెలల్లో ఒమాహా ఇళ్ళ ముందు తెల్ల బోర్డులు వెలిశాయి. మధ్యలో డెమొక్రాట్ల రంగైన నీలిరంగు చుక్క, అంతకు మించి ఒక్క అక్షరం లేదు. చివరికి నవంబరులో ట్రంప్ 312–226తో గెలిచారు. ఒమాహా ఓటు హారిస్‌కు పడినా ఫలితాన్ని మార్చలేదు.

నియోజకవర్గాల పద్ధతే మందు అని ఇక్కడ వాదించడం లేదు. 2012లో ఒబామా దాదాపు 50 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ ఏడాది అన్ని రాష్ట్రాలూ నెబ్రాస్కా పద్ధతి పాటించి ఉంటే మిట్ రామ్నీ అధ్యక్షుడయ్యేవారు, ఎందుకంటే నియోజకవర్గాల హద్దులు గీసేదీ పార్టీలే. అది గమనించే 2013లో వర్జీనియా వంటి చోట్ల రిపబ్లికన్లు నియోజకవర్గాల బిల్లులు తెచ్చారు. అప్పటి ఆ పార్టీ జాతీయ కమిటీ అధ్యక్షుడు రీన్స్ ప్రీబస్ కూడా, డెమొక్రాట్లకు ఓటేస్తూ రిపబ్లికన్ల పాలనలో ఉన్న రాష్ట్రాలు ఈ దారి చూడాలన్నారు. నెబ్రాస్కాలో వద్దన్నదే మరో రాష్ట్రంలో ముద్దయింది. ఎలక్టర్లు లేకుండా ప్రజల ఓట్లతోనే అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రత్యక్ష ఓటు సవరణ 1969లో ప్రతినిధుల సభలో భారీ మెజారిటీతో నెగ్గి, 1970లో సెనేట్‌లో దక్షిణాది సభ్యుల ఫిలిబస్టర్‌తో ఆగిపోయింది. దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చినవారికే తమ ఎలక్టర్లను ఇవ్వాలని కొన్ని రాష్ట్రాలు చేసుకున్న జాతీయ ప్రజా ఓటు ఒప్పందం 2024లో మైన్ చేరాక 209 ఎలక్టోరల్ ఓట్లకు చేరింది. అమల్లోకి రావాలంటే 270 కావాలి.

ఈలోగా లింకన్‌లో లెక్క 33 చుట్టూనే తిరుగుతోంది. నెబ్రాస్కా శాసనసభలో సీటు మధ్యలో ఖాళీ అయితే భర్తీ చేసేది గవర్నరే. ఆ నియోజకవర్గం నుంచి కాంగ్రెస్‌లో ఉన్న రిపబ్లికన్ డాన్ బేకన్ మళ్ళీ పోటీ చేయనని 2025లో ప్రకటించాక ఆ ఒమాహా స్థానానికి పోటీ తెరుచుకుంది. అక్కడి డెమొక్రాటిక్ రాష్ట్ర సెనేటర్లలో ఎవరు పై పదవికి వెళ్ళినా, వారి సీటులో ఎవరు కూర్చోవాలో పిలెన్ నిర్ణయిస్తారు. అలా రెండు సీట్లు చేతులు మారితే చాలు. ప్రజల ఓటుకు పెట్టమన్న మెక్‌డొనెల్ పదవీకాల పరిమితి వల్ల 2025 సమావేశాలకు ముందే సభ వదిలి వెళ్ళారు.