గుర్రబ్బండి దూరం లెక్కన కట్టిన చెక్క ఎలివేటర్లు

కెనడాలో సస్కాచెవాన్ వైపు హైవే మీద పోతుంటే ఊరి ఇళ్ళ కంటే ముందు నిలువుగా ఓ చెక్క కట్టడం కనపడుతుంది, దగ్గరికెళ్తే గోడ మీద వెలిసిపోయిన పెద్దక్షరాల్లో ఊరి పేరు, తలుపుకి తాళం, చాలాచోట్ల పక్కనున్న రైలు పట్టాలు కూడా పీకేసి ఉంటాయి. దీన్నే గ్రెయిన్ ఎలివేటర్ అంటారు, పంట నిలవచేసి రైలుకెక్కించే చోటు. మన గాదె లాంటిదే, కాకపోతే చుట్టుపక్కల రైతులందరి పంటకీ కలిపి 70, 80 అడుగుల ఎత్తున కట్టింది.

ఇన్ని ఎందుకు కట్టారంటే గుర్రబ్బండి వల్ల. గోధుమలేసుకుని పొద్దున వెళ్ళిన రైతు రాత్రికి ఇల్లు చేరాలి కదా, అందుకే రైలు లైను వెంబడి 10, 15 కిలోమీటర్లకి ఒకటి లేచింది, చాలా ఊళ్ళు దాని చుట్టూనే పుట్టాయి. ఈ ఆకారంలోవి 1881లో మానిటోబాలోని గ్రెట్నాలో మొదలైతే 1930ల నాటికి 5,700 దాటాయి.

కట్టిన తీరు చూడాలి అసలు. గింజలు గోడని బయటికి తోస్తాయి, ఆ ఒత్తిడికి ఆగాలని పలకల్ని పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చి మేకులు కొట్టుకుంటూ పైదాకా పోయారు. బండిని కాటా మీద తూచి గింజల్ని కింద గుంటలో పోస్తే, బెల్టుకి బిగించిన కప్పులు పైకి తోడి గొట్టంలోంచి కావాల్సిన గదిలోకి వదులుతాయి. తూకంలో, గ్రేడింగ్‌లో అంటే గింజల నాణ్యత తేల్చడంలో, కంపెనీలు మోసం చేస్తున్నాయని రైతులు మండిపడేవాళ్ళు, చివరికి 1923, 24ల్లో వీట్ పూల్స్ అని సొంత సహకార సంఘాలే పెట్టుకున్నారు.

తర్వాత లారీలొచ్చాయి, గుర్రబ్బండి ఒక్క రోజులో వెళ్ళొచ్చే దూరం లెక్క పోయింది. పైగా ధాన్యం రవాణా రేట్ల మీద కెనడా ప్రభుత్వం, కెనడియన్ పసిఫిక్ రైల్వే చేసుకున్న 1897 క్రో ఒప్పందం నాటినుంచి ఏదో ఒక రూపంలో వస్తున్న చవక రైలు రవాణాకి 1995లో తెరపడింది, రైల్వేలు బ్రాంచి లైన్లు మూసేశాయి, ఒకేసారి వంద వ్యాగన్లు నింపే కాంక్రీట్ టెర్మినల్స్ వచ్చేశాయి. నా దృష్టిలో ఇందులో పెద్ద అన్యాయం ఏంటంటే, కంపెనీకి, రైల్వేకి మిగిలిన ఖర్చు రైతు లారీ డీజిల్ మీద, ఊరి రోడ్ల మీద పడింది, ఎలివేటర్ నుంచి ఊరికొచ్చే పన్ను కూడా లేకుండా పోయింది.

ఖాళీగా ఉంటే అగ్గి భయం, అందుకని చాలావాటిని కంపెనీలే కూలగొట్టించాయి. ఆల్బర్టాలో నాంటన్ వాళ్ళు 2001లో అడ్డం పడి మూడింటిని కాపాడుకున్నారు. సస్కాచెవాన్ ఫ్లెమింగ్‌లో మాత్రం, 1895 నాటిది, ఊరివాళ్ళు బాగుచేసుకుందామని తాపత్రయపడుతున్నది, 2010 ఫిబ్రవరిలో ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది.