ఊరు దాటే ముందు చేతిలో ఎంత ఉండాలి

భీమవరం

చిరంజీవులైన పిల్లలందరికీ,

పెద్దమ్మ ఆశీస్సులు. డిగ్రీలు, బీటెక్‌లు అయిపోయిన మన పిల్లలు ఈమధ్య ఎవరు కనిపించినా ఒకటే అడుగుతున్నారు: "హైదరాబాద్ వెళ్దామనుకుంటున్నాం పెద్దమ్మా, చేతిలో ఎంత పెట్టుకుని వెళ్లాలి?" బ్యాంకు కౌంటర్ వెనక ఉద్యోగమంతా చేసి రిటైరైనదాన్ని కాబట్టి నాకు తెలుస్తుందని మీ నమ్మకం. ఒక్కొక్కరికీ గుమ్మంలో నిలబడి చెప్పేకన్నా అందరికీ కలిపి ఒక ఉత్తరం రాస్తే సరిపోతుందనిపించింది. అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి. వాళ్లకి తెలియకుండా వేసే ప్లాను సగం ప్లానే.

మీరంతా ప్రయాణానికి లెక్క వేస్తున్నారు. బస్సు టికెట్, హాస్టల్ అడ్వాన్స్, రెండు జతల మంచి బట్టలు. అంతవరకే అయితే పదివేలు చాలు. అసలు ఖర్చు బస్సు దిగాక మొదలవుతుంది. మొదటి జీతం చేతికొచ్చేదాకా మధ్యలో గడవాల్సిన రోజులు ఉంటాయి చూశారూ, వాటికి కావాలి డబ్బు. ఆ రోజులు మనం అనుకున్నదానికంటే ఎక్కువే అవుతాయి. జూన్ మొదట్లో ఊరు దాటారనుకుందాం. ఇంటర్వ్యూలు, రౌండ్లు, "మళ్లీ ఫోన్ చేస్తాం" అనే మాటలు అన్నీ అయి ఆగస్టు 22న చేరారు. నెలలో ఇరవయ్యో తారీఖు దాటాక చేరితే చాలా చోట్ల ఆ నెల జీతం విడిగా వేయరు, తర్వాతి నెల జీతంతో కలిపి వేస్తారు. అంటే మొదటి జీతం సెప్టెంబర్ ఆఖరున. పూర్తిగా నాలుగు నెలలు.

కాబట్టి నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. నేను వేసే లెక్క ఇది, మీ వీలునుబట్టి మార్చుకోండి. భోజనంతో కలిపి ముగ్గురు ఉండే గదిలో హాస్టల్ ఫీజు ఏరియానుబట్టి ఆరు వేల నుంచి తొమ్మిది వేల దాకా ఉంటుంది. ఏడున్నర వేలు అనుకుందాం. బస్సు, మెట్రో, అప్పుడప్పుడు షేర్ ఆటో కలిపి పదిహేను వందలు. ఫోన్ రీఛార్జి, సబ్బులు, టీ, మందులు, జెరాక్సులు, ఆదివారం బయట ఒక పూట భోజనం, ఇవన్నీ కలిపి మూడు వేలు. మొత్తం నెలకి 12 వేలు, నాలుగు నెలలకి 48 వేలు. హాస్టల్ అడ్వాన్స్, బకెట్టు, దుప్పటి, తాళం, దారి ఖర్చులకి ఇంకో ఏడు వేలు కలపండి. 55 వేలు. ఇది విని గుండె జారిపోయిన వాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

ఊళ్లోనే ఏదో షాపులోనో, ఆఫీసులోనో నెలకి 14, 15 వేలకి పనిచేస్తున్న పిల్లలు మీలో చాలామంది ఉన్నారు. ఇంట్లో అద్దె లేదు, తిండి ఖర్చు లేదు. మరి ఆ జీతం ఏమవుతోంది? ఫోన్ ఈఎంఐ, బండి పెట్రోలు, బిర్యానీ. తప్పని నేననను. కానీ నెలకి ఆరు వేలు పక్కన పెడితే తొమ్మిది నెలల్లో 54 వేలు, వడ్డీతో కలిపి 55 వేలు దాటుతుంది. దీనికి బ్యాంకులో రికరింగ్ డిపాజిట్, అదే ఆర్‌డీ, చాలు. చాలా బ్యాంకుల్లో ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా ఎంత కాలానికైనా కట్టుకోవచ్చు, మధ్యలో అవసరమొచ్చి తీసేసినా వడ్డీలో కాస్త కోత పడుతుందంతే. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే కానీ మీ పనికి కుదరదు. అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసే వీల్లేదు. వీధిలో పిన్నిగారి చీటీలో చేరతామంటే మాత్రం నేను ఒప్పుకోను. రిజిస్టర్ చేసిన చిట్ కంపెనీ అయినా ఫోర్‌మన్, అంటే చీటీ నడిపేవాళ్లు, కమిషన్ 7 శాతం దాకా తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. పైగా పాట మీకు కావాల్సిన నెలలో మీ పేరున రావాలిగా.

ఆ ఆర్‌డీ తీసే అకౌంటుకి ఫోన్‌పే, గూగుల్‌పే ఏవీ తగిలించకండి. మీ తరం డబ్బు పర్సులోంచి పోవడం లేదు, బొటనవేలి కింద నుంచి పోతోంది. జీతం పడ్డ రోజే ఆర్‌డీ కట్ అయ్యేలా పెట్టుకుంటే మిగిలినదాంట్లో మీరు ఏం తిన్నా నేను అడగను.

జీతం లేని వాళ్లు? వీధిలో పదో తరగతి పిల్లలకి లెక్కలు, ఇంగ్లీషు ట్యూషన్ చెప్పినా, దుకాణాలకి జీఎస్టీ బిల్లులు టైప్ చేసి పెట్టినా ఎంతో కొంత వస్తుంది. చాలకపోతే వెళ్లడం ఆర్నెల్లు వెనక్కి జరపండి. నాన్న మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పంపడం కన్నా అది నయం.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే మన ఊళ్లో ఎవరైనా "అమ్మో" అంటారు. క్రెడిట్ కార్డు బిల్లులో 'మినిమమ్ డ్యూ' మాత్రం కట్టి ఊరుకుంటే మిగిలిన బాకీ మీద పడేది దాదాపు అదే, నెలకి మూడు, మూడున్నర రూపాయలు. నున్నటి కార్డు మీద వచ్చేసరికి ఎవరూ "అమ్మో" అనరు. లోన్ యాప్‌లు ఇంకో అడుగు ముందుకేసి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ లాక్కుని మీ మేనమామకి ఫోన్ చేసి తిడతాయి. అలాంటిది జరిగితే భయపడి ఇంకో యాప్‌లో అప్పు తీసుకుని తీర్చకండి. ఇంట్లో చెప్పండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక ఉండే చోటు. "బాబాయిగారింట్లో ఉండొచ్చు కదా" అని అమ్మ అంటుంది. మా తాతల కాలంలో పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకున్నారు, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది పల్లెల నుంచి చదువుకి వచ్చిన కుర్రాళ్లకి బస లేకనే. అప్పుడు ఇంకో దారి లేదు. ఇప్పుడు బాబాయిగారిది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. వాళ్ల పాపకి టెన్త్ పరీక్షలు, మీరేమో హాల్లో సోఫా మీద. పూతరేకులు పట్టుకెళ్లండి, నాలుగు రోజులుండండి, ఆ నాలుగు రోజుల్లో హాస్టల్ చూసుకుని బయటపడండి. చుట్టరికం పదికాలాలు నిలుస్తుంది. ఆదివారం ఆదివారం భోజనానికి వెళ్లినా ఆనందంగా పెడతారు.

హాస్టల్ చూడ్డానికి ఉదయం పదకొండింటికి వెళ్లకండి. అప్పుడు ఏ హాస్టల్ అయినా ప్రశాంతంగానే ఉంటుంది, అందరూ ఆఫీసుల్లో ఉంటారు కాబట్టి. రాత్రి ఎనిమిదింటికి వెళ్లండి. బాత్రూముల దగ్గర బకెట్ల వరస ఎంత పొడుగుందో కనిపిస్తుంది. భోజనాల హాల్లో సాంబారు గరిటె పైకెత్తితే ముక్క వస్తుందో రాదో తెలుస్తుంది. మీకిచ్చే మంచం దగ్గర ఛార్జింగ్ పాయింటు ఉందా, కుళాయి తిప్పితే నీళ్లు ఉప్పగా ఉన్నాయా, లాకర్‌కి గొళ్లెం పడుతోందా చూడండి. ఓనరుని అడగాల్సినవి రెండే. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి. రెండిటికీ జవాబు రసీదు మీద రాయించుకోండి. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లు కోచింగ్ పిల్లలకి బాగానే ఉంటాయి. ఉద్యోగం గచ్చిబౌలి వైపు వస్తే మాత్రం ఆఫీసు ఎక్కడో తేలాకే చోటు మార్చండి, ముందే మారి రెండు అడ్వాన్సులు కట్టకండి.

ఒక ఏడాది గడిచాక నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకుంటామంటారు. అది వేరే లెక్క. సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్స్, బ్రోకర్ ద్వారా అయితే అతనికి ఒక నెల అద్దె, దాని మీద నెలనెలా మెయింటెనెన్స్, కరెంటు, ఎండాకాలం నీళ్ల ట్యాంకరు. వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసే ఇళ్లు బోలెడు. చాలా టు-లెట్ బోర్డుల కింద "ఫ్యామిలీస్ ఓన్లీ" అని ఉంటుంది, బాధపడకండి. ఆషాఢంలో, మూఢంలో సంసారాలు ఇళ్లు మారవు. అప్పుడు ఖాళీగా పడున్న ఇంటి ఓనరు బ్యాచిలర్స్‌తో కూడా కాస్త మెత్తగా మాట్లాడతాడు. పట్టింపు లేకపోతే ఆ నెలలోనే బేరమాడండి.

వంట రానివాళ్లకి హైదరాబాద్‌లో కర్రీ పాయింట్‌ని మించిన దేవుడు లేడు. చిన్న రైస్ కుక్కర్లో గ్లాసుడు బియ్యం పడేసి కిందికి దిగితే, దారంతో బిగించి కట్టిన వేడి వేడి పప్పు ప్యాకెట్టు, ఒక వేపుడు, పావు లీటరు పెరుగు. ఇద్దరు తింటారు. స్టవ్ కావాలంటే 5 కిలోల చిన్న సిలిండర్లు అమ్ముతారు, ఐడీ కార్డు చూపిస్తే చాలు, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. ఆర్డర్ పెట్టుకునే యాప్‌ని నెలకి రెండుసార్లకి మించి తెరవొద్దని నా సలహా. వినరని తెలుసు.

అమ్మాయిలకి ఒక చిన్న ముచ్చట. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, సిటీలో దారి ఖర్చు ఉండదనుకుంటున్నారు. అది తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్లకే. మన భీమవరం అడ్రస్ ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టేస్తారు. మన దగ్గర ఆడవాళ్లకి ఉచితమైన స్త్రీశక్తి బస్సులు 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి, అవి ఇక్కడి వరకే. కాబట్టి ఆ పదిహేను వందలు లెక్కలోంచి తీసేయకండి.

ఆఫర్ లెటర్ చదవడం నేర్చుకోండి. "మూడు లక్షల అరవై వేల ప్యాకేజీ" అనగానే ఇంట్లో నెలకి ముప్పై వేలు అని చెప్పేస్తారు. ఆ ముప్పైలో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంటుంది, గ్రాట్యుటీ ఉంటుంది. మీ వంతు పీఎఫ్ కట్ అవుతుంది. జీతం 20 వేలు దాటితే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతుంది. వేరియబుల్ పే అని ఒకటి ఉంటే అది ఏడాది చివర దాకా కనిపించదు. చేతికొచ్చేది 22 నుంచి 25 వేలు. ఇంటికి ఎంత పంపగలరో ఈ సంఖ్య చూసి చెప్పండి. మొదటి నెలలోనే పదిహేను వేలు పంపుతానని మాటిచ్చి నాలుగో నెల నుంచి ఫోన్ ఎత్తని పిల్లల్ని చూశాను. నాలుగు వేలే పంపండి, కానీ ప్రతి నెలా పంపండి.

55 వేలు ఎందుకని మొదట్లో గుండె జారిన వాళ్లకి ఇప్పుడు చెప్తాను. చేతిలో డబ్బు అయిపోయిన రెండో నెలలో ఎవరో ఒకరు కనబడతారు. "లక్షన్నర కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం" అంటారు. "ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టు, ట్రైనింగ్ ఫ్రీ" అంటారు. జీతం లేకుండా మూడు నెలలు పనిచేయమంటారు. చదువుకున్న పిల్లలు ఇలాంటి వాటిలో పడేది తెలివి లేక కాదు, హాస్టల్ ఫీజు తారీఖు దగ్గరపడి. ఇంకా రెండు నెలలకి డబ్బుందని తెలిసిన పిల్లకి "వద్దండీ" అనే నోరు ఉంటుంది. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు, అడిగినవాడు ఉద్యోగం ఇవ్వడు. సర్టిఫికెట్లు ఫోన్‌లో డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో పెట్టుకుని అదే చూపించండి, కాగితాలు అమ్మ బీరువాలో ఉండనివ్వండి.

ఆ నాలుగు నెలలూ అయిపోవచ్చినా ఉద్యోగం రాలేదనుకోండి. ఆఖరి ఐదు వేలు మిగిలుండగానే బస్సెక్కి ఇంటికి వచ్చేయండి. ఇక్కడ మళ్లీ పనిచేసుకుని, మళ్లీ ఆర్‌డీ కట్టుకుని, మళ్లీ వెళ్లొచ్చు. అలా రెండోసారి వెళ్లి స్థిరపడ్డవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. ఎవరింటికి ఎవరొచ్చారని లెక్కపెట్టేవాళ్లు నాలుగు రోజులు మాట్లాడి ఐదో రోజు వేరే ఇంటి మీద పడతారు.

అమ్మానాన్నలకి ఒక్క మాట. పిల్లలు ఆర్‌డీ కడుతున్నప్పుడు ఫ్రిజ్ కోసమో, పెళ్లి చదివింపుల కోసమో దాన్ని తీయించకండి. ఆడపిల్ల కడుతుంటే మరీ.

ఇంకో సంగతి. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 12న రావాలనుకుంటే నవంబర్ 13 ఉదయం ఎనిమిదింటికల్లా ఫోన్ పట్టుకుని కూర్చోండి. లేకపోతే ప్రైవేటు బస్సువాళ్లు సంక్రాంతికి చెప్పే రేటుకి మీ నెల హాస్టల్ ఫీజులో సగం పోతుంది.

ఉంటాను.

మీ పెద్దమ్మ