యాడ్ టెస్టింగ్: మన చిన్న షాపుల్లో నడుస్తున్న అపోహలు - వాస్తవాలు

తిరుపతి, శ్రీకాళహస్తి, నగరి చుట్టుపక్కల ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు, కలంకారీ, సీజన్లో మామిడిపండ్లు అమ్మే షాపులకు యాడ్లు నడపడం నా పని. కొత్తగా వచ్చినవాళ్లు రెండు డిజైన్లు చూపించి “ఏది బాగుందో చెప్పన్నా” అంటారు. ఆ మాట చెప్పాల్సింది కొనేవాళ్లు. వాళ్లను అడిగే పద్ధతే టెస్టింగ్. దాని మీదున్న అపోహల వల్ల చిన్న షాపుల డబ్బు ఊరికే పోతుంటే బాధేస్తుంది.

అపోహ: లైకులు ఎక్కువొచ్చిందే మంచి యాడ్.

లైకు కొట్టేవాళ్లు వేరు, డబ్బు కట్టేవాళ్లు వేరు. మనం ఏ లక్ష్యం ఎంచుకుంటే ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ అలాంటి మనుషులనే వెతుకుతుంది. ఎంగేజ్‌మెంట్ పెడితే లైకు కొట్టే అలవాటున్నవాళ్లు దొరుకుతారు. అమ్మకాలు కావాలంటే సేల్స్ పెట్టాలి, వెబ్‌సైట్‌లో పిక్సెల్ (యాడ్ చూసి వచ్చినవాళ్లు ఏం చేశారో మెటాకు చెప్పే చిన్న కోడ్) సరిగ్గా పనిచేయాలి.

కలంకారీ చీర సంగతే తీసుకోండి. మోడల్ కట్టుకున్న ఫోటోకు లైకులు బాగానే పడతాయి. కానీ కొనే ఆవిడ అనుమానం ఒకటే: ఇది చేత్తో వేసిందా, ప్రింటా? దానికి జవాబు ఆ ఫోటోలో దొరకదు. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతుంటే కసిమి అనే నలుపు రంగు దిగుతుంది. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా సాగుతుంది. దగ్గర్నుంచి తీసిన చిన్న వీడియోలో ఇదంతా కనిపిస్తుంది. బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో పులియబెట్టి ఆ నలుపు చేస్తారని చెబితే అదే ఇంకో యాడ్ అవుతుంది. అందుకే ఫాంట్లు, రంగులు మార్చే ముందు, చెప్పే విషయాన్ని మార్చి చూడమంటాను: ఒకదాంట్లో చేతిపని, ఒకదాంట్లో ధర, ఇంకోదాంట్లో ఉతికే పద్ధతి.

అపోహ: రెండు రోజుల్లో తేలిపోతుంది.

ఒకదానికి 3 ఆర్డర్లు, ఇంకోదానికి 5 వస్తే రెండోది గెలిచినట్టు కాదు. అంత తేడా ఊరికే కూడా వస్తుంది. యాడ్ ఎవరికి చూపించాలో మెటా నేర్చుకునే లెర్నింగ్ దశ దాటాలంటే ఒక యాడ్ సెట్‌కు (ఒకే గుంపు జనానికి చూపించే యాడ్ల కట్టకు) వారంలో సుమారు 50 ఫలితాలు కావాలని మెటానే చెబుతుంది. ఆర్డరుకు 200 రూపాయలు పడుతుందనుకుంటే వారానికి 10,000, పైన 18 శాతం జీఎస్టీ. అంత పెట్టలేనివాళ్లు ఐదు యాడ్ సెట్లు మానేసి ఒకటో రెండో పెట్టుకోవాలి. లేదంటే యాడ్ టు కార్ట్ (కొనడానికి ముందు బుట్టలో వేసుకోవడం) లాంటి, ఎక్కువసార్లు జరిగే దశను కొలవాలి. మధ్యలో టెన్షన్ పడి ఫోటో మార్చినా, బడ్జెట్ ఒక్కసారిగా పెంచినా లెర్నింగ్ మళ్లీ మొదటికొస్తుంది. వారం రోజులు చేయి పెట్టకండి.

అపోహ: ఈ నెల ఒకటి, వచ్చే నెల ఒకటి నడిపి పోల్చుకోవచ్చు.

ఆషాఢంలో ఒక చీర యాడ్, శ్రావణంలో ఇంకోటి నడిపితే, అమ్మకాలు పెంచింది యాడా, వరలక్ష్మీ వ్రతమా? చెప్పలేం. సీజన్లో వచ్చే బేనీషా మామిడిపండ్లకూ అంతే. రెండూ ఒకే రోజుల్లో నడవాలి.

అలాగని ఒకే యాడ్ సెట్‌లో ఆరు యాడ్లు పెట్టినా పోలిక కుదరదు. మొదట్లో కాస్త ముందున్నదానికే ఖర్చులో ఎక్కువ భాగం మళ్లుతుంది, మిగతావి జనానికి పెద్దగా కనిపించవు. యాడ్స్ మేనేజర్‌లోని (యాడ్లు పెట్టే మెటా టూల్‌లోని) ఏ/బీ టెస్ట్ వాడితే జనాన్ని రెండుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో వెర్షనే చూపిస్తుంది. రెండింటి మధ్య తేడా ఒక్కటే ఉండాలి.

అపోహ: ఫోటో మీద అక్షరాలు 20 శాతం దాటకూడదు.

ఆ నిబంధనను 2020లోనే తీసేశారు. అయితే రీల్స్‌లో ధరను అడుగున రాయకండి, బటన్లు దాని మీద పడతాయి.

అపోహ: పోటీ షాపు యాడ్ చాలాకాలంగా నడుస్తోందంటే అది హిట్టే.

నడుస్తున్న యాడ్లను ఎవరైనా చూడగలిగే మెటా యాడ్ లైబ్రరీలో, అది ఎప్పట్నుంచి నడుస్తోందో కనిపిస్తుంది. ఎన్ని చీరలు అమ్ముడయ్యాయో కనిపించదు.

అపోహ: ఆర్డర్ పడిందంటే యాడ్ గెలిచినట్టే.

క్యాష్ ఆన్ డెలివరీ ఉన్నచోట ఇది అన్నిటికంటే ఖరీదైన అపోహ. ‘సగం ధరకే’ అని అరిచే యాడ్‌కు ఆర్డర్లు గబగబా పడొచ్చు. పార్సిల్ వచ్చాక తీసుకోకపోతే పోను రాను కొరియర్ ఖర్చు షాపుదే. యాడ్స్ మేనేజర్ మాత్రం దాన్ని అమ్మకంగానే చూపిస్తూ ఉంటుంది. కాబట్టి ప్రతి యాడ్ లింకుకూ వేరే యూటీఎం (ఆర్డర్ ఏ యాడ్ నుంచి వచ్చిందో చెప్పే, లింకు చివరి గుర్తు) పెట్టండి. షీట్‌లో ఆర్డర్ల పక్కన ‘డెలివరీ అయినవి’ అని ఇంకో నిలువు వరుస తెరవండి. యాడ్ ఖర్చును ఆ వరుసలోని సంఖ్యతో భాగించండి. చేతిపని చూపించిన యాడ్‌కు ఆర్డర్లు తక్కువైనా, వెనక్కొచ్చే పార్సిళ్లు కూడా తక్కువైతే దాని లెక్కే మెరుగ్గా రావచ్చు. ఏ యాడ్ ఆపాలో పార్సిళ్లన్నీ తేలాకే నిర్ణయించండి.