రెప్ప అంచున గడ్డకట్టే నూనె

పర్లాకిమిడిలో మా పెద్దమ్మ పొద్దున లేస్తూనే కళ్లు నులుముకుంటుంది. "వేడి చేసిందిరా" అని మజ్జిగ తాగి, మందుల షాపు చుక్కలు వేసుకుంటుంది. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ దురద మొదలు. మొన్న కిందికి చూడమని చెప్పి, పై రెప్పను టార్చి వెలుగులో చూశాను. ప్రతి వెంట్రుక మొదట్లోనూ మైనం గొట్టంలాంటి పొట్టు చుట్టుకుని ఉంది. అది డెమొడెక్స్ జాడ.

డెమొడెక్స్ ఎనిమిది కాళ్ల సూక్ష్మజీవి, సాలీడుకు దూరపు చుట్టం. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. 1842లో గుస్తావ్ సైమన్ అనే జర్మన్ వైద్యుడు మొటిమల్లో దీన్ని చూసి వర్ణించాడు. మన రెప్పల్లో ఉండేవి రెండు రకాలు. ఒకటి వెంట్రుక కుదుట్లో తలకిందులుగా దూరి ఉండి, రాత్రిపూట బయటికొస్తుంది. రెండోది ఇంకా లోతుకు, నూనె గ్రంథుల్లోకి పోతుంది. నాకు బెంగ కలిగించేది ఈ రెండోదే.

రెప్ప అంచున, వెంట్రుకల వెనక, సూదిమొన అంత రంధ్రాలు వరసగా ఉంటాయి. అవి మైబోమియన్ గ్రంథుల నోళ్లు. పై రెప్పలో సుమారు 30, కింది రెప్పలో కాస్త తక్కువ. రెప్ప వేసినప్పుడల్లా వాటిలోంచి రవ్వంత నూనె ఊరి కన్నీటి మీద పొరగా పరుచుకుంటుంది. ఆ పొర లేకపోతే ఫ్యాను గాలికే కన్ను ఆరిపోతుంది. డెమొడెక్స్‌లు ఎక్కువైతే వాటి గుడ్లు, కళేబరాలు, వెంట వచ్చే బాక్టీరియా కలిసి రెప్పను వాపెక్కిస్తాయి. గ్రంథుల నోళ్లు పూడుకుపోతాయి. మాఘమాసం చలికి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టు లోపలి నూనె చిక్కబడుతుంది. అలా ఏళ్లు గడిస్తే గ్రంథే ఎండిపోతుంది, తిరిగి మొలవదు.

"నీళ్లు కారుతుంటే కన్ను ఎండిపోవడమేమిట్రా?" అంది పెద్దమ్మ. మంచి ప్రశ్న. నూనె లేక కన్ను పొడిబారి మండుతుంది. ఆ మంటకే నీళ్లు ఉబికొస్తాయి. నూనె లేని నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి?

ఇది మురికి వల్ల వచ్చిన జబ్బని ఆమె చిన్నబుచ్చుకోవడం నాకు బాధేసింది. వయసు మళ్లినవాళ్లలో చాలామందికి ఇవి ఉంటాయి. అందరినీ బాధించవు.

ఆమెకు నాలుగు రోజుల హాయినిచ్చిన చుక్కలు స్టెరాయిడువి. డాక్టరు చూడకుండా వాటిని నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం రావచ్చు. మాన్పించి బరంపురంలో కంటి డాక్టరుకు చూపించాం. రోజూ గోరువెచ్చని బట్ట పది నిమిషాలు రెప్పల మీద ఉంచి, పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరమన్నారు. తర్వాత రెప్ప అంచు తుడవాలి. టీ ట్రీ నూనెతో చేసిన తుడుపుగుడ్డలు పనికొస్తాయిగానీ, పచ్చి నూనె తగిలితే కన్ను మండిపోతుంది. అమెరికాలో 2023లో లోటిలానర్ అనే కంటి చుక్కలకు అనుమతి వచ్చింది. ఆరు వారాలు వేయాలి. ఈ జీవి బతుకు రెండు మూడు వారాలే అయినా, గుడ్లు పొదిగి కొత్తవి వస్తుంటాయి మరి.

కాటుక మానమంటే మాత్రం పెద్దమ్మ ఒప్పుకోలేదు. రెప్ప లోపలి అంచు వదిలి, వెంట్రుకలకు బయటి వైపున పెట్టుకుంటానంది. ఆ నూనె నోళ్లున్నది లోపలి అంచునే.